లెమ్యూల్ బాబాయి చెవి

డిసెంబరు శనివారం పొద్దున లెమ్యూల్ పెగ్రమ్‌తో ఎవరికైనా పని పడితే ఆయన ఇంటికి వెళ్ళి ప్రయోజనం లేదు. మా కొట్టు ముందుకు రావాలి. రోడ్డు పక్కన ఆయన పాత పచ్చ ట్రక్కు ఆగి ఉంటుంది. ఎంత చలైనా కిటికీ అద్దం పూర్తిగా దించి ఉంటుంది. ఆయన స్టీరింగు మీద చేతులు వేసుకుని, తల కాస్త ఎడమకి వంచి, కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటాడు. నిద్రపోతున్నాడనుకుని పలకరించినవాళ్ళు చీవాట్లు తిన్నారు. ఆయన కుక్కల మాట వింటున్నాడు.

మైలున్నర అవతల పైన్ చెట్లలో పదకొండు కుక్కలు జింక వెంటపడి మొరుగుతూ పోతుంటే మీకూ నాకూ వినిపించేది ఒకటే గోల. ఆయనకి అవి పదకొండు గొంతులు.

"ముందు జ్యువెల్ ఉందే," అంటాడు నాతో, కళ్ళు తెరవకుండానే. "దాని వెనక బిషప్. డెలైలా దారి తప్పి ఇప్పుడే వాగు దాటి కలిసింది. ముసలి సామ్సన్‌గాడు ఊరికే అరుస్తున్నాడు. వాడికి వాసనే తగల్లేదు, పక్కవాళ్ళు అరుస్తున్నారని అరుస్తున్నాడు."

"నువ్వు చెప్పావు, నేను విన్నాను బాబాయ్," అంటాను. అరగంట తర్వాత కుక్కలు రోడ్డు దాటేటప్పుడు చూస్తే ముందు జ్యువెల్, వెనక బిషప్, అన్నిటికన్నా చివర నాలుక వేలాడేసుకుని సామ్సన్. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఈ వరస తప్పడం ఎరగను.

నేను నెల్డాని. కూడలిలో కొట్టు నాది. కాఫీ, తూటాలు, ఉడికించిన వేరుశనక్కాయలు, ఊళ్ళో కబుర్లు అన్నీ ఇక్కడే దొరుకుతాయి. లెమ్యూల్ మా నాన్నకి పినతండ్రి కొడుకు, వరసకి నాకు బాబాయి. ముప్పై ఎనిమిదేళ్ళు రంపపు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. మిల్లులో చేసినవాళ్ళకి సగం మందికి చెవుడు వస్తుంది. ఈయన మాత్రం రోజూ చెవుల్లో దూది కుక్కుకుని, దాని మీద టోపీ లాక్కుని, తోటివాళ్ళు ముసలమ్మ అని ఎగతాళి చేసినా పట్టించుకోకుండా, కుక్కల కోసం చెవులు దాచుకున్నాడు.

ఆయనకి రెండు ఆస్తులు. ఒకటి కుక్కలు. రెండోది అరవై రెండు ఎకరాల భూమి. ఆ భూమి వాళ్ళ తాత గిడియన్, అంటే మా ముత్తాత, పందొమ్మిది వందల ఇరవై ఒకటిలో రైలు పట్టాల కింద వేసే దుంగలు కోసి కోసి కొన్నది. ఆ రోజుల్లో దక్షిణ వర్జీనియాలో నల్లవాడికి భూమి అమ్మడమే వింత. అమ్మినా నీళ్ళు నిలిచే పల్లం అమ్మారు. గిడియన్ దాన్ని కాలవలు తవ్వి ఆరబెట్టి వేరుశనగ వేశాడు. ఆ చేలో నుంచి తెల్లదొరలు గుర్రాల మీద, కుక్కలతో, నక్క వెంటపడి పోయేవాళ్ళు. కాయ ఊరే రోజుల్లో చేను చేనంతా తొక్కేసి పోయేవాళ్ళు. గిడియన్ వసారాలో నిలబడి చూసేవాడు. అడిగితే ఏమవుతుందో తెలుసు కనక అడగలేదు. ఆ మర్నాడు పొద్దున చేలో కూర్చుని, లేచి నిలబడగల మొక్కల్ని ఒక్కొక్కటే నిలబెట్టేవాడట. అందుకని భూమి ఉన్నవాడి కడుపుమంట ఏమిటో మా బాబాయికి ఉగ్గుపాలతోనే తెలుసు. మళ్ళీ అదే గిడియన్ తాత ఇంట్లోనే కుక్కల పిచ్చి కూడా అంటుకుంది. మనిషి ఒక్కడే, రెండు పక్షాలూ ఆయనలోనే ఉన్నాయి.

టార్ క్రీక్ వేట క్లబ్బువాళ్ళు చాలా ఏళ్ళు ఆయన్ని చేర్చుకోలేదు. ఆయన కుక్కలు తరిమిన జింకలు వాళ్ళవైపు వస్తే మాత్రం సంతోషంగా కొట్టి తినేవాళ్ళు. చివరికి ఎనభై మూడులో క్లబ్బు పెద్ద రసెల్ క్లారీ స్వయంగా బాబాయి ఇంటికొచ్చి చేరమన్నాడు.

"కుక్కలు కావాలా, నేను కావాలా?" అని అడిగాడట బాబాయి.

"రెండూ," అన్నాడట రసెల్.

"అయితే ఆలోచించుకుంటాను," అని సరిగ్గా ఏడాది ఆలోచించి చేరాడు. ఆ ఏడాది వాళ్ళకి ఒక్క జింక కూడా దొరకలేదని ఆర్డెలియా పిన్ని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. ఆర్డెలియా ఆయన భార్య. ఊళ్ళో ఆయన్ని కసిరే హక్కున్న మనిషి ఆవిడ ఒక్కతే.

క్లబ్బు ఇంట్లో గోడ నిండా గుడ్డపేలికలు మేకులతో కొట్టి ఉంటాయి. జింక ఎదురుగా వచ్చాక గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ తారీఖూ రాసి గోడకి కొట్టడం అక్కడి ఆచారం. రసెల్ కొడుకు డ్వైట్, ఇప్పటి ప్రెసిడెంటు, ఒక్కడివే తొమ్మిది ఉన్నాయి. బాబాయిది ఒక్కటీ లేదు. ఆయన తుపాకీయే పట్టడు. వేటంటే ఆయనకి వినడం, అంతే.

ఇక మిసెస్ హాల్‌స్ట్రమ్ సంగతి. ఉత్తరాన ఎక్కడో స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. నాలుగేళ్ళ కిందట వాగు అవతల నూట నలభై ఎకరాలు కొని, ముప్పై గొర్రెల్ని పెట్టుకుని, ఒక్కతే దిగింది. వచ్చిన వారానికే హద్దు చెట్లన్నిటికీ ఊదారంగు గీతలు వేసింది. మా దగ్గర ఆ రంగుకి అర్థం, లోపలికి రావద్దని.

అయితే మా రాష్ట్రంలో చట్టం ఒకటుంది. వేటకుక్క పక్కవాడి భూమిలోకి పోతే, యజమాని దాన్ని తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళొచ్చు. బండి మీద వెళ్ళకూడదు, తుపాకీ పట్టుకెళ్ళకూడదు, అడిగితే పేరు చెప్పాలి. భూమి గలాయన వద్దన్నా వెళ్ళొచ్చు. దీనివల్ల మా కౌంటీలో జరిగినన్ని తగాదాలు పెళ్ళాల వల్ల కూడా జరగలేదు. హద్దు పక్కనే కావాలని కుక్కల్ని వదిలి, తర్వాత వాటిని తెచ్చుకునే వంకతో పక్కవాడి జింకల్ని ఇవతలికి తోలే ఘనులున్నారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు, నా దగ్గరే కాఫీ తాగుతారు.

మొదటి ఏడాది బాబాయి కుక్క ఒకటి ఆవిడ భూమిలో తప్పిపోయింది. ఎంత పిలిచినా రాలేదు. అప్పుడు మావాళ్ళు చేసేది ఒకటే. కుక్క గొంతు చివరిసారి వినపడ్డ చోట తన కోటు విప్పి నేల మీద పరిచి ఇంటికొచ్చేస్తారు. కుక్క వాసన పట్టుకుని వచ్చి ఆ కోటు మీద పడుకుంటుంది. పొద్దున వెళ్ళి తెచ్చుకోవాలి. బాబాయి అలాగే కోటు పరిచి వచ్చాడు. మర్నాడు పొద్దున వెళ్తే కోటూ లేదు, కుక్కా లేదు.

రెండో రోజు మిసెస్ హాల్‌స్ట్రమ్ కొట్టుకొచ్చి కౌంటరు మీద కోటు పెట్టింది. ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిపోయిన బొత్తాం కుట్టి మరీ తెచ్చింది.

"ఎవరో పాపం నా పొలంలో పారేసుకున్నారు," అంది. "ఎంత కంపు కొడుతోందో."

బాబాయి అక్కడే ఉన్నాడు. కోటు తీసుకుని వాసన చూశాడు. ఆయన మొహం నేను ఎప్పటికీ మర్చిపోను.

"ఆ కంపు కోసమే అక్కడ పెట్టానమ్మా," అన్నాడు. కుక్క ఇంకో మూడు రోజులకి తనంతట తానే వచ్చింది. ఆయన ఆవిడ మీద కోపం పెట్టుకోలేదు. బొత్తాం కుట్టినవాళ్ళ మీద కోపం ఎలా పెట్టుకుంటామన్నాడు. ఆవిడ మాత్రం ఆ రోజు కొట్లో అందరూ నవ్వారని మనసులో పెట్టుకుంది. అందులో తప్పేమీ లేదు. గట్టిగా నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పోయినేడు డిసెంబరు రెండో శనివారం ఆవిడ గొర్రెలు రెండు చచ్చిపోయాయి. కుక్క ఏదో మందని తరిమితే భయపడి కంచె మూలకి దూసుకుపోయి, ఒకదాని కింద ఒకటి పడి, తీగల్లో చిక్కి చచ్చాయి. రెండూ చూలు గొర్రెలే. ఆవిడ వంటింటి కిటికీలో నుంచి నలుపూ గోధుమా కలిసిన కుక్కని చూసింది. పరిగెత్తుకు వెళ్ళేలోగా అది వాగులోకి దూకి పోయింది. కానీ పరిగెత్తే ముందు ఫోను తీసి ఆ అరుపు పట్టింది. ఎనిమిది సెకన్లు.

సోమవారం కౌంటీ జంతువుల ఆఫీసరు ఆవిడని వెంటబెట్టుకుని మా కొట్టుకొచ్చాడు. డ్వైట్ ఉన్నాడు, క్లబ్బువాళ్ళు ఇంకో ముగ్గురున్నారు, బాబాయి ఉన్నాడు. డ్వైట్ గడగడా చెప్పేశాడు. వాళ్ళ కుక్కల మెడలకి రేడియో పట్టీలున్నాయి, ఏ కుక్క ఎక్కడ తిరిగిందో ఫోనులో చుక్కలు పడతాయి, ఆ రోజు చుక్కలన్నీ వాగుకి ఇవతలే ఉన్నాయి. ఇదిగో చూసుకోండి అని ఫోను తిప్పి చూపించాడు. బాబాయి కుక్కలకి ఆ పట్టీలుండవు. తన చెవులకి బ్యాటరీ అక్కర్లేదంటాడాయన.

అందరం ఒకేసారి ఆయన వైపు తిరిగాం. దేని మీదికి వస్తోందో అందరికీ అర్థమైంది. గొర్రెల్ని చంపిన కుక్కని చట్టం బతకనివ్వదు, లేదా మా రాష్ట్రం హద్దు తగలని ఇంకో రాష్ట్రానికి పంపెయ్యాలి. మళ్ళీ తీసుకురాకూడదు. అదీ కాక హాల్‌స్ట్రమ్ భూమి పక్కనున్న తొమ్మిది వందల ఎకరాలు కలప కంపెనీది. క్లబ్బుకి కౌలుకిచ్చింది. పొరుగువాళ్ళ ఫిర్యాదు ఒక్కటి రుజువైనా కౌలు రద్దని కంపెనీ కాగితంలో రాసుకుంది.

ఆఫీసరు ఆవిడ ఫోను కౌంటరు మీద పెట్టి నొక్కాడు. చిన్న చిన్న అరుపులు, తెగి తెగి, గొంతు చీరుకుపోయినట్టు. బాబాయి తల ఎడమకి వంచి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"మీ కుక్కా పెగ్రమ్ గారూ?"

"కాదు."

"ఇంకోసారి వినండి, తొందరేం లేదు."

"ఇంకోసారి విన్నా కాదు. ఈ గొంతు నేనెప్పుడూ వినలేదు. నా దొడ్లో మేకలున్నాయి బాబూ, నా కుక్కలు వాటి మొహం కూడా చూడవు. ఇది ఎవడో రోడ్డు మీద వదిలేసి పోయిన కుక్క."

మిసెస్ హాల్‌స్ట్రమ్ ఆయన్నే చూస్తూ ఉంది. "నేను కళ్ళారా చూశాను. అది వేటకుక్కే," అంది.

"చూసుంటారమ్మా. కానీ నాది కాదు."

"ఆయన కాదన్నాడంటే కాదు," అన్నాడు డ్వైట్. మిగతా ముగ్గురూ తలలూపారు. ఆఫీసరు ఊరకుక్క అని రాసుకుని ఫైలు మూశాడు. దాచడం దేనికి, నేనూ తలూపాను. ఇరవై ఏళ్ళు తప్పని చెవి, అదీ మా బాబాయి చెవి. ఆవిడ మాట ఎవరికి కావాలి అప్పుడు? ఆవిడ ఫోను తీసుకుని, తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళిపోయింది.

మూడు వారాలు గడిచాయి. వేట కాలం ముగిసేముందు ఒక మధ్యాహ్నం ఆర్డెలియా పిన్ని కుక్కలకి తిండి పెట్టి గడియ సరిగ్గా వెయ్యలేదు. బాబాయి వసారాలో కాఫీ తాగుతున్నాడు. ఇంటి వెనక నుంచి అరుపు వినిపించింది. చిన్న చిన్నగా, తెగి తెగి, గొంతు చీరుకుపోయినట్టు.

ఆయన కప్పు కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని వెనక్కి నడిచాడు. దొడ్డి మూలలో మేకని నొక్కిపెట్టి నిలబడి ఉంది జ్యువెల్. ఆయన పెంచినవాటిలోకెల్లా మంచి కుక్క, జింక వెంట పోయేటప్పుడు చర్చి గంటలాగా నిండుగా పలికే గొంతు దానిది. ఇప్పుడు ఆ గొంతు కాదు. ఒళ్ళంతా వణుకుతూ, చేయకూడనిది చేస్తున్నానని తెలిసినట్టు అరుస్తోంది. ఆర్డెలియా పిన్ని చీపురు పుచ్చుకుని రెండు తగిలించి బయటికి లాగింది.

"ఈ పాడు బుద్ధి దీనికి ఎప్పుడు పట్టుకుంది?" అంది పిన్ని.

"డిసెంబరు రెండో శనివారం," అన్నాడాయన.

గంటలో కొట్టు ముందు ట్రక్కు ఆగింది. పక్క సీట్లో జ్యువెల్ కూర్చుని ఉంది. ఆయన కుక్కలెప్పుడూ ముందు సీట్లో కూర్చోవు, వెనక బోనులోనే. కొట్లో డ్వైట్ ఒక్కడే ఉన్నాడు. బాబాయి తలుపు దగ్గరే నిలబడి జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు.

డ్వైట్ కాఫీ కప్పు కౌంటరు మీద పెట్టాడు. "లెమ్యూల్ గారూ, ఫైలు మూసేశారు కదా."

"మూసేశారు."

"మరి మీరు తెరవడం దేనికి? దీన్ని ఇంటికి తీసుకెళ్ళి గొలుసేసి కట్టండి. గొర్రెల వైపు పోనివ్వకండి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసిందిగా."

"తొమ్మిది వందల ఎకరాలు పోతాయి. ఇరవై ఆరు మంది. మా నాన్న బతికుంటే ఏమనేవాడు?"

"మీ నాన్న బతికుంటే ఈపాటికి నా పక్క సీట్లో ఎక్కి కూర్చునేవాడు," అన్నాడు బాబాయి. అది నిజమో కాదో నాకు తెలీదు. డ్వైట్‌కి కూడా తెలీదు.

నన్ను ఎవరూ రమ్మనలేదు. నేనే కొట్టు మూసి ట్రక్కెక్కి, జ్యువెల్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

హాల్‌స్ట్రమ్ గేటు దగ్గర రోడ్డు పక్కన ట్రక్కు ఆపాడు. గేటుకి తాళం లేదు. ఇల్లు లోపలికి మూడు వందల గజాలుంటుంది. ఆవిడ దూరంగా కొట్టాం దగ్గర గడ్డి ఎత్తుతోంది. హారను కొట్టనా బాబాయ్ అంటే వద్దన్నాడు. పోనీ లోపలికి వెళ్దామంటే వద్దన్నాడు. జ్యువెల్ తాడు పట్టుకుని గేటు ఇవతల నిలబడ్డాడు. చలికి నా కాళ్ళు కొయ్యబారాయి. పావుగంటకి ఆవిడ తలెత్తి చూసి, చేతిలో గడ్డి ఎత్తే పంగలకర్రతోనే వచ్చింది.

"ఈసారి ఎవరి కుక్క తప్పిపోయింది?" అంది.

"ఎవరిదీ తప్పిపోలేదమ్మా. తీసుకెళ్ళడానికి రాలేదు. దీని పేరు జ్యువెల్. నాదే. మీ గొర్రెల్ని తరిమింది ఇదే."

ఆవిడ కుక్క వంక చూసింది, ఆయన వంక చూసింది. "మీరు కాదన్నారు."

"అన్నాను. అబద్ధం చెప్పలేదు, నా చెవి తప్పింది. చచ్చిన గొర్రెలకి రెండూ ఒకటేననుకోండి." మేక సంగతి చెప్పాడు. జింక మీద పలికే గొంతు వేరు, గొర్రె మీద పలికిన గొంతు వేరు, ఆ రెండో గొంతు తనెప్పుడూ వినలేదు కనక అది లేనే లేదనుకున్నానని చెప్పాడు.

ఆవిడ పంగలకర్ర గేటుకి ఆనించింది.

"ఆ రోజు మీరు ఒక్క మాట అన్నారు. ఆ తర్వాత ఒక్కళ్ళూ నా వైపు చూడలేదు. నా పొలం, నా కిటికీ, నా కళ్ళతో నేను చూశాను. అయినా ఈ మూడు వారాలూ రోజూ ఆ ఎనిమిది సెకన్లు పెట్టుకుని విన్నాను. నాకే ఏదో అయిందేమో, ఒంటరిగా ఉండి ఉండి మతి పోతోందేమో అనుకున్నాను. గొర్రెలు పోతే పోయాయి పెగ్రమ్ గారూ. ఇది మీరు నాకు చేశారు."

బాబాయి టోపీ తీశాడు. "చేశాను," అన్నాడు.

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ రోజు తలూపినవాళ్ళలో అక్కడ నిలబడ్డది నేనొక్కదాన్నే. నేనూ ఊపానమ్మా అని చెప్పేశాను. ఆవిడ నా వంక చూసి, తెలుసంది.

"చంపించే హక్కు నాకుంది," అంది తర్వాత.

"ఉంది. అందుకే తెచ్చాను." ఆయన తాడు గేటు మీద నుంచి ఆవిడకి అందించాడు.

ఆవిడ తాడు పట్టుకుంది. జ్యువెల్ గేటు సందులో నుంచి మూతి పెట్టి ఆవిడ బూటు వాసన చూసింది. ఆఖరికి తాడు తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"చంపొద్దు. ఇక్కడ ఉండకూడదు. ఆఫీసరుకి మీరే చెప్పండి."

"ఇక్కణ్ణుంచి నేరుగా ఆయన దగ్గరికే."

"గేటుకి తాళం లేదు కదా. లోపలికి ఎందుకు రాలేదు?"

"మీరు పిలవలేదు కదమ్మా."

"ఇప్పుడు కూడా నాకు పిలవాలని లేదు," అంది ఆవిడ.

"సరేనమ్మా," అని బాబాయి టోపీ పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే జ్యువెల్‌ని సౌత్ కరోలినాలో ఆర్డెలియా పిన్ని తమ్ముడి దగ్గర దింపి వచ్చాడు. నార్త్ కరోలినాలో మాకు చుట్టాలు బోలెడుమంది ఉన్నారు, కానీ దాని హద్దు మాకు తగులుతుంది, చట్టం ఒప్పుకోదు. పోను అయిదు గంటలు, రాను అయిదు గంటలు. తిరిగొస్తూ కొట్లో ఆగాడు. కాఫీ పోసుకుంటానని మిషన్ వైపు తిరిగి, కప్పు నిండి పొంగిపోతున్నా అలాగే నిలబడ్డాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేను వెళ్ళి కౌంటరు తుడిచాను. చచ్చిన వాటికి బదులు రెండు చూలు గొర్రెల్ని కొని ఆవిడ గేటు దగ్గర దింపి వచ్చాడని నాకు తర్వాత వేరేవాళ్ళు చెప్పారు.

కలప కంపెనీ మాట తప్పలేదు. జనవరి ఆఖరుకి కౌలు రద్దని ఉత్తరం వచ్చింది. వేట కాలం ముగింపు విందుకి క్లబ్బులో ఇరవై ఆరుగురూ చేరారు. మాంసమూ కూరలూ కలిపి ఉడికించే స్టూ కాగు దగ్గర నేనున్నాను. మామూలుగా అయితే ఆ రోజు నవ్వులు రోడ్డు దాకా వినపడతాయి. ఆ రోజు గరిటె చప్పుడు తప్ప ఏమీ లేదు. బాబాయి వచ్చేసరికి అదీ ఆగింది.

ఆయన ఎవర్నీ పలకరించలేదు. తిన్నగా డ్వైట్ దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగి నిలబడి, చొక్కా వెనక అంచు ప్యాంటులోంచి పైకి లాగాడు.

"కత్తెర తీయ్," అన్నాడు.

"ఏంటిది లెమ్యూల్ గారూ, మీరు తుపాకీయే పట్టరు కదా."

"చెవితో గురి పెట్టాను, తప్పింది. ఆచారం ఆచారమే. మీ నాన్నది కత్తిరించాను నేను, నీవి తొమ్మిదీ కత్తిరించాను. కానియ్యి, నా నడుం లాగేస్తోంది."

"అది ఆదివారం చొక్కా," అంది ఆర్డెలియా పిన్ని గుమ్మంలోంచి. "పాతది వేసుకుని చావమన్నాను, విన్నాడా?"

ఎవడో ముందు ముక్కుతో నవ్వాడు. తర్వాత ఇంకొకడు. డ్వైట్ కత్తిరించాడు, వంకరగా. బాబాయే దాని మీద పేరూ తారీఖూ రాసి, కింద ఎనిమిది సెకన్లు అని రాసి, గోడకి మేకు కొట్టాడు. అందరూ నవ్వారని చెప్పను. ఇద్దరు ఆ రోజే క్లబ్బు మానేసి వెళ్ళిపోయారు, ఇప్పటికీ ఆయన కనపడితే మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనీండి. మిగతావాళ్ళు స్టూ తిన్నారు. బాబాయి మూడుసార్లు పెట్టించుకున్నాడు.

ఈ ఏడు నవంబరులో వేట మళ్ళీ మొదలైంది. మొదటి శనివారం తొమ్మిదింటికి కొట్లో ఫోను మోగింది. నేనెత్తాను.

"పెగ్రమ్ గారున్నారా?" మిసెస్ హాల్‌స్ట్రమ్ గొంతు.

ఆయన లోపలే ఉన్నాడు, వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఫోను ఇచ్చాను. తన పొలంలో కుక్క మొరుగుతోంది, ఎవరిదో చెప్పమందట. తర్వాత కిటికీ తెరిచి ఫోను బయటికి పెట్టినట్టుంది, మొరుగుడు మా అందరికీ వినిపించింది. దూరంగా, లావుగా, ఆగి ఆగి. డ్వైట్ కాఫీ కప్పు నోటి దగ్గరే పట్టుకుని ఆగిపోయాడు. బాబాయి తల ఎడమకి వంచి కళ్ళు మూసుకున్నాడు.

అది బిషప్. నాకే తెలిసింది. డ్వైట్ కూడా పెదాలతో బిషప్, బిషప్ అంటున్నాడు, ఆయనకి అందించాలని.

బాబాయి కళ్ళు తెరిచాడు. మొరుగుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"ఇక్కణ్ణుంచి చెప్పలేనమ్మా," అన్నాడు ఫోనులో. "వచ్చి చూడనా?"

అటునుంచి ఆవిడేదో చెప్పింది. ఆయన ఊఁ అని, ఫోను నాకిచ్చి, కోటు తొడుక్కున్నాడు.

"ఏమంది బాబాయ్?"

"గేటు తీసి ఉంచుతుందట," అని తాడు తీసుకుని బయల్దేరాడు.